కస్టమ్ కంట్రోలర్ మొరాయిస్తే: స్క్రూడ్రైవర్ తీసే ముందు చూడవలసినవి

వెనుక ప్యాడిల్స్ (వేళ్ళతో నొక్కే అదనపు మీటలు), మార్చుకోగల స్టిక్కులు, ప్రొఫైల్ బటన్ ఉన్న గేమ్ కంట్రోలర్లు పాడైపోయాయంటూ నా చేతికి వచ్చిన వాటిలో నిజంగా పాడైనవి చాలా తక్కువ. మిగిలినవన్నీ ఎవరో ఒకప్పుడు చేసి మరచిపోయిన అమరికల ఫలితాలే. ఛార్జింగ్ పెట్టడం, జత చేయడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం మీకు తెలుసుననే అనుకుని రాస్తున్నాను కనుక వాటి జోలికి వెళ్ళను.

నిన్నటిదాకా బాగుంది, ఈరోజు బటన్లు తారుమారయ్యాయి

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: మీకు తెలియకుండా ప్రొఫైల్, అంటే కంట్రోలర్‌లో దాచుకున్న అమరికల జట్టు, మారింది. ఎక్స్‌బాక్స్ ఎలైట్ సిరీస్ 2లో ప్రొఫైల్ బటన్ ముందువైపు మధ్యలోనే ఉంటుంది; సంచిలో సర్దేటప్పుడో, గుడ్డతో తుడిచేటప్పుడో అది ఒక్కసారి నొక్కుకుంటే చాలు, కంట్రోలర్ తర్వాతి ప్రొఫైల్‌కు వెళ్ళిపోతుంది. అక్కడే ఉన్న మూడు చిన్న దీపాలు ఏ ప్రొఫైల్ నడుస్తోందో చెబుతాయి, ఒక్కటీ వెలగకపోతే మూల అమరిక నడుస్తున్నట్టు. ప్లేస్టేషన్ వారి డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో స్టిక్కుల కింద ఉండే ఎఫ్‌ఎన్ బటన్‌ను నొక్కి పట్టుకుని త్రిభుజం బటన్ నొక్కితే మూల ప్రొఫైల్ వస్తుంది. మీది మరో రకమైతే దానికి తగిన బటన్ల కలయిక వెంట వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని పారేయకండి.

మూల ప్రొఫైల్‌లో బటన్లు సరిగ్గా పనిచేస్తే యంత్రంలో లోపం లేనట్టే. ఈ పరీక్షకు పది సెకన్లు కూడా పట్టదు. అయినా దాన్ని వదిలేసి, ముందుగా పైకప్పు ఊడదీసి, ఆ తర్వాత లోపలి రిబ్బన్ తీగ తెగిందని నా దగ్గరకు వచ్చేవారిని చూసి చూసి విసుగు వచ్చింది.

ఎన్నిసార్లు మార్చినా మార్పు కనిపించదు, లేదా మార్చిన కొద్దీ స్టిక్ మొద్దుబారుతుంది

నన్ను అందరికంటే ఎక్కువగా ఏడిపించిన కారణం ఇదే కనుక దీని గురించి వివరంగా చెప్పాలి. మీరు బటన్ నొక్కిన క్షణం నుంచి ఆటలో బొమ్మ కదిలే క్షణం వరకు ఆ సంకేతం ఒక్కచోట కాదు, మూడు నాలుగు చోట్ల మారే అవకాశం ఉంది. మొదటిది కంట్రోలర్ సొంత జ్ఞాపకంలోని ప్రొఫైల్. రెండవది కన్సోల్ లేదా కంప్యూటర్ వ్యవస్థ స్థాయిలో ఉండే బటన్ మార్పిడి. మూడవది కంప్యూటర్‌లో స్టీమ్ (ఆటలు కొని ఆడే ప్రోగ్రామ్)లో ఉండే స్టీమ్ ఇన్‌పుట్ వంటి మధ్యవర్తి. నాలుగవది ఆట లోపలి సెట్టింగుల పేజీ. ఒకరు చేసిన మార్పు తర్వాతివారికి తెలియదు. ముందున్నవారు పంపిన దాన్నే ప్రతి ఒక్కరూ అసలు సంకేతం అనుకుని దానిపై తమ మార్పును చేస్తారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. మీరు కంట్రోలర్ ప్రొఫైల్‌లో ‘ఎక్స్’, ‘వై’ బటన్లను పరస్పరం మార్చి, ఆ సంగతి మరచిపోయి స్టీమ్‌లోనూ అదే మార్పిడి చేశారనుకుందాం. రెండు మార్పిడులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక ఆటలో ఏమీ మారినట్టు కనిపించదు. సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదనుకుని ఆటలో మూడోసారి మారిస్తే అప్పుడు పనిచేస్తుంది, కానీ కంట్రోలర్‌ను ఇంకో యంత్రానికి తగిలించిన రోజున మళ్ళీ తలకిందులవుతుంది.

బటన్ల విషయంలో తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది. స్టిక్కుల డెడ్‌జోన్ అలా కనిపించదు, అందుకే అది ఎక్కువ నష్టం చేస్తుంది. మధ్యస్థానం చుట్టూ స్టిక్ కదలికను లెక్కలోకి తీసుకోని మేరను డెడ్‌జోన్ అంటారు. కంట్రోలర్ సంకేతాలను ఆటకు అందించే మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో స్టిక్ విలువ ఒక్కో దిశలో సుమారు 32,767 వరకు వెళుతుంది. ఎడమ స్టిక్‌కు అందులో సూచించిన డెడ్‌జోన్ 7,849, కుడి స్టిక్‌కు 8,689. అంటే ఎడమవైపు సుమారు 24 శాతం. ఆ సూచనను యథాతథంగా పాటించే ఆట ఒకటి ఉందనుకుని, దానికి ముందు మీరు కంట్రోలర్‌లో 10 శాతం, స్టీమ్‌లో మరో 10 శాతం పెట్టారనుకోండి. ఒక్కో స్థాయి తాను కత్తిరించగా మిగిలిన భాగాన్ని మళ్ళీ పూర్తి నిడివికి సాగదీస్తుంది కనుక లెక్క ఇలా నడుస్తుంది: మొదటి స్థాయి దాటేసరికి 10 శాతం, రెండవది దాటేసరికి 19 శాతం, ఆట దాటేసరికి సుమారు 38 శాతం. స్టిక్ ప్రయాణంలో మూడో వంతుకు పైగా నెట్టినా గురి కదలదు, కదలడం మొదలయ్యాక మామూలుకంటే త్వరగా వేగం పుంజుకుంటుంది. మీరు పెట్టిన రెండుచోట్లా సెట్టింగు మాత్రం 10 అనే చూపిస్తుంది కనుక అనుమానం రాదు.

స్టిక్ ఎంత నెట్టితే ఎంత ఫలితం రావాలో నిర్ణయించే వక్రరేఖ విషయంలోనూ ఇదే జరుగుతుంది. వర్గాన్ని (నెట్టిన మేరను దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరించే వక్రరేఖను ఒకచోట పెడితే సగం నెట్టినప్పుడు 25 శాతం ఫలితం వస్తుంది. అదే రేఖను రెండుచోట్ల పెడితే 6.25 శాతమే వస్తుంది. నెమ్మదిగా గురిపెట్టడానికి బాగుంటుందని రెండుచోట్లా పెట్టినవారు, కొన్నాళ్ళకు స్టిక్ అరిగిపోయిందని నమ్మడం మొదలుపెడతారు.

నేనూ అలాగే నమ్మాను. మిత్రుడి కంట్రోలర్‌లో కుడి స్టిక్ మందగించిందంటే, బోర్డుపై ఉన్న 14 టంకం చుక్కలనూ కరిగించి, పాత స్టిక్ తీసి కొత్తది అతికాను. ఒక సాయంత్రమంతా ఆ పనికే సరిపోయింది. స్టిక్ మందగింపు మాత్రం అలాగే ఉంది. వక్రరేఖ కంట్రోలర్‌లో ఒకటి, స్టీమ్‌లో ఒకటి ఉన్నాయని మరుసటి రోజు గాని గమనించలేదు. తీసేసిన పాత స్టిక్ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, దానికి ఏ లోపమూ లేదు.

పరిష్కారం ఒక క్రమంలో చేయాలి, ఆ క్రమాన్ని దాటవేయకూడదు. ముందు కంట్రోలర్‌ను మూల ప్రొఫైల్‌లో పెట్టండి. కన్సోల్ సెట్టింగులలో బటన్ మార్పిడి ఉంటే తీసేయండి. కంప్యూటర్‌లో అయితే స్టీమ్‌లో ఆ ఆట ప్రాపర్టీస్ తెరిచి, కంట్రోలర్ విభాగంలో ఆ ఒక్క ఆటకు స్టీమ్ ఇన్‌పుట్‌ను ఆపండి. ఆట లోపలి అమరికలను మొదటి స్థితికి తీసుకురండి. ఇప్పుడు విండోస్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అనే పాత పరీక్షా పేజీని తెరిచి ప్రతి బటన్‌నూ, స్టిక్‌నూ, ట్రిగ్గర్‌నూ కదిపి చూడండి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది: ఆ పేజీలో మీకు కనిపించేది కంట్రోలర్ ప్రొఫైల్‌ను దాటి బయటికి వచ్చిన సంకేతమే. అందువల్ల అక్కడ తప్పు కనిపించినంత మాత్రాన యంత్రం చెడినట్టు కాదు, మూల ప్రొఫైల్‌లో కూడా తప్పు కనిపిస్తేనే ఆ మాట అనాలి.

అన్నీ శుభ్రమయ్యాక, ఏ మార్పు ఎక్కడ ఉండాలో ఒక్కసారే నిర్ణయించుకోండి. నా మట్టుకు నేను బటన్ల మార్పిడిని కంట్రోలర్‌లోనే ఉంచుతాను, ఏ యంత్రానికి తగిలించినా అది వెంట వస్తుంది కనుక. డెడ్‌జోన్‌ను, వక్రరేఖను ఆటలోనే ఉంచుతాను, ఒక్కో ఆటకు ఒక్కోలా కావాలి కనుక. ఆటలో ఆ సౌకర్యం లేనప్పుడు, లేదా గైరోతో (కంట్రోలర్‌ను వంచుతూ) గురిపెట్టాలనుకున్నప్పుడు మాత్రమే స్టీమ్ ఇన్‌పుట్‌ను పిలుస్తాను. దీన్ని మీరు తిరగేసి పాటించినా నష్టం లేదు, ఒకే మార్పు రెండుచోట్ల లేకపోతే చాలు.

ప్యాడిల్ ఒక ఆటలో బాగుంది, ఇంకో ఆటలో వేరే పని చేస్తోంది

ఇది లోపం కాదు. ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతి ఆటకు పంపేది రెండు స్టిక్కులు, రెండు ట్రిగ్గర్లు, 14 బటన్లు మాత్రమే. ఆ జాబితాలో వెనుక ప్యాడిల్స్‌కు చోటే లేదు. అందుకే ప్యాడిల్ సాధారణంగా ముందున్న ఏదో ఒక బటన్‌కు కవలగా పనిచేస్తుంది, ఎవరు నొక్కుకున్నారో ఆటకు తెలియదు. ఒక ఆటలో ‘వై’ ఆయుధం మార్చి, ఇంకో ఆటలో ‘వై’ వాహనం ఎక్కిస్తే, ప్యాడిల్ కూడా అలాగే చేస్తుంది. ఆటకొక ప్రొఫైల్ పెట్టుకోవడమే మార్గం. ప్యాడిల్‌కు ముందు బటన్లలో లేని కొత్త పని ఇవ్వాలని గంటలు గంటలు వెతకకండి.

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది

మెనూలో ఒకటి జరపబోతే రెండు జరుగుతుంటే, కంప్యూటర్‌లో ఒకే కంట్రోలర్ ఆటకు రెండుగా కనిపిస్తోందని అర్థం. ప్లేస్టేషన్ కంట్రోలర్‌ను ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లా చూపించే ప్రోగ్రాములు ఒక నకలును సృష్టిస్తాయి. అసలు కంట్రోలర్‌ను దాచకపోతే ఆట ఆ రెండింటినీ వింటుంది. అలాంటి ప్రోగ్రామ్, స్టీమ్ ఇన్‌పుట్ అనే రెండింటిలో ఒక్కదాన్నే ఉంచండి. రెండూ కావలసిన పరిస్థితి ఉంటే హిడ్‌హైడ్ వంటి సాధనంతో అసలు కంట్రోలర్‌ను ఆట కంటికి కనబడకుండా చేయండి.

ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినా కారు పూర్తి వేగం అందుకోదు

వెనుకనున్న ట్రిగ్గర్ స్టాప్ మీటను చూడండి. కాల్పుల ఆటలో వేలు త్వరగా పడాలని ట్రిగ్గర్ ప్రయాణాన్ని కుదించి, అదే అమరికతో కారు పందెంలోకి వచ్చారు. ఎక్స్‌ఇన్‌పుట్‌లో ట్రిగ్గర్ విలువ 0 నుంచి 255 వరకు ఉంటుంది. స్టాప్ సగంలో అడ్డుపడి, గరిష్ఠ విలువను సాఫ్ట్‌వేర్‌లో దానికి తగ్గట్టు దిద్దకపోతే, ఆటకు అందేది సగం చుట్టుపక్కల విలువే. స్టాప్ తెరవండి, లేదా ఆ ప్రొఫైల్‌లో ట్రిగ్గర్ గరిష్ఠాన్ని తగ్గించండి. ఎడమ కుడి స్టాపులు ఒకే స్థానంలో ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకటి మాత్రమే జారి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

వదిలేసినా స్టిక్ దానంతట అదే కదులుతోంది

ముందు స్టిక్ టోపీని తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి, ఒరిగి కూర్చున్న టోపీ అంచుకు తగిలి స్టిక్‌ను లాగుతుంది. ఆ తర్వాత మూల ప్రొఫైల్‌లో పరీక్షా పేజీ చూడండి. చుక్క మధ్యలో నిలవకపోతే అది నిజమైన డ్రిఫ్ట్. పొటెన్షియోమీటర్ ఉన్న స్టిక్కులలో లోపలి పూత రాపిడికి అరుగుతుంది, దానికి మందు స్టిక్ మార్చడమే. డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో స్టిక్ మాడ్యూల్‌ను టంకం లేకుండానే మార్చుకోవచ్చు. హాల్ సెన్సర్ ఉన్నవి అయస్కాంతంతో పనిచేస్తాయి కనుక అలా అరగవు, కానీ వాటికీ అప్పుడప్పుడు క్యాలిబ్రేషన్ కావాలి. డెడ్‌జోన్ పెంచడం డ్రిఫ్ట్‌ను దాస్తుందే తప్ప తగ్గించదు.

కొన్న తర్వాత ఆట ఇంకా పాడైంది

ఇది ఎంపికకూ అలవాటుకూ సంబంధించిన ఫిర్యాదు. కొత్త కంట్రోలర్ పెట్టె తెరిచిన రోజే నాలుగు ప్యాడిల్స్, పొడవు స్టిక్, కుదించిన ట్రిగ్గర్, కొత్త వక్రరేఖ అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏది మేలు చేసిందో, ఏది చెరిచిందో చెప్పలేరు. రెండు ప్యాడిల్స్‌తో మొదలుపెట్టండి, మిగిలిన రెండింటినీ ఊడదీసి పక్కన పెట్టండి. బొటనవేలు కుడి స్టిక్ మీద ఉండగానే చేయవలసిన పనులను, అంటే దూకడం, వంగడం వంటివాటిని, వాటికి ఇవ్వండి. చేతికి తడుముకోవడం తగ్గాకే మరో మార్పు చేయండి. పొడవు స్టిక్‌తో అదే కోణానికి వేలు ఎక్కువ దూరం కదలాలి కనుక గురి సున్నితమవుతుంది. అది గురిపెట్టే కుడివైపు పనికొస్తుంది, పరుగెత్తించే ఎడమవైపు సాధారణంగా భారమే.

ఇంకా కొనలేదంటే, దుకాణంలో కంట్రోలర్‌ను నెమ్మదిగా కాక, ఆట ఉత్కంఠలో ఉన్నప్పుడు ఎలా బిగించి పట్టుకుంటారో అలా పట్టుకోండి. ఆ బిగింపుకే ప్యాడిల్ నొక్కుకుపోతే ఆ నమూనా మీ చేతికి కాదు, ఎన్ని అమరికలు మార్చినా ఆ ఇబ్బంది పోదు. రెండు చేతులతో పట్టుకోవడమే కష్టమైనవారు వేరే దారి చూడాలి: 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు 19, యూఎస్‌బీ పోర్టులు రెండు ఉన్నాయి, బయటి స్విచ్‌లను వాటికి తగిలించుకోవచ్చు. దానిలో స్విచ్ పనిచేయకపోతే జాక్ చివరిదాకా దిగిందో లేదో చూసి, ఆపై ఇక్కడ కూడా ప్రొఫైల్‌నే చూడండి.

మిగిలినవి

సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌కు కంట్రోలర్ కనిపించకపోతే అది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయి ఉంటుంది, డేటా వెళ్ళే కేబుల్ పెట్టండి. స్టిక్ బిగువు రెండువైపులా వేరుగా అనిపిస్తే, బిగువు మార్చే సౌకర్యం ఉన్న నమూనాలలో టోపీ కింది మర రెండు స్టిక్కులకూ ఒకే మెట్టులో ఉందో లేదో చూడండి. వైర్‌లెస్‌లో మధ్యమధ్య తెగిపోతే కేబుల్‌తో ఒకసారి ఆడండి, కేబుల్‌తో సమస్య పోతే అది కంట్రోలర్ అమరికల సమస్య కాదు. ఇక మూల ప్రొఫైల్‌లో, ఏ మధ్యవర్తీ లేకుండా, పరీక్షా పేజీలో ఒకే ఒక్క బటన్ మౌనంగా ఉండి మిగిలినవన్నీ పలుకుతుంటే ఆ బటన్ కాంటాక్టు నిజంగానే పోయింది; వారంటీ ఉంటే పైకప్పు విప్పకుండా పంపండి, లేకపోతే ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీయవచ్చు.