బర్రె పెండ తింటోందా? మందు కన్నా ముందు తొట్టి చూడండి

బర్రె పెండలో మూతి పెడుతోంది, కొట్టం గోడ నాకుతోంది, దండెం మీది చీర కొంగు నమిలేస్తోంది. ఇలా చెప్పిన ప్రతివాళ్లనూ నేను ముందు అడిగేది ఒక్కటే: తొట్టిలో ఏమేస్తున్నారు? దానికి జవాబు రాదు, "ఏ మందు పట్టాలె?" అనే అడుగుతారు. కుందేలు తన మెత్తటి పెంటికలను తానే తినడం, గుర్రప్పిల్ల తల్లి పెండ తినడం సహజం. బర్రెకు, ఆవుకు అది సహజం కాదు. ఒంట్లో ఏదో తక్కువైందని అర్థం.

దూడ మట్టి, పెండ తింటోంది. పొట్ట జారింది, వెంట్రుకలు గరుకుగా ఉన్నాయి

చాలాసార్లు కడుపులోని ఏలిక పాములే. "ఇంకా మేతకే పోలేదు, పాములెట్లొస్తయి?" అంటారు. బర్రె దూడకు అవి తల్లి పాలలోనే వస్తాయి. అందుకే పుట్టిన 10–15 రోజులకే పాముల మందు మొదటి మోతాదు పడాలి. ఎంత పట్టాలో దూడ బరువును బట్టి డాక్టరే చెప్పాలి. కాస్త పెండ పశువుల దవాఖానకు తీసుకెళ్తే పరీక్ష చేసి చెబుతారు.

గోడలు నాకుతోంది, పక్క పశువు మూత్రం తాగుతోంది

ఉప్పు తక్కువైంది. పెద్ద పశువుకు రోజుకు 30 గ్రాములు దాణాలో కలపండి, ఎప్పుడూ నీళ్లు అందేలా చూడండి.

పాములకు మందు వేశారు, ఉప్పు ఇస్తున్నారు, అయినా పెండ, బొక్కలు (ఎముకలు) వదలడం లేదు

నన్ను దెబ్బకొట్టింది ఇదే. మా బర్రె మూడో ఈతకు నిండు చూలుతో ఉంది. కాలువ గట్టు మీద పాత బొక్క దొరికితే దవడ పక్కకు పెట్టి, సొంగ కారుతుంటే గంటసేపు నమిలేది. పాముల మందు వేశాను, రెండు సీసాల కాల్షియం పట్టాను, ఇంకేం లోటు లేదనుకున్నాను. ఈనిన రెండో వారంలో మూత్రం నల్ల చాయ రంగులో పడింది. ఒంట్లో భాస్వరం (ఫాస్ఫరస్) బాగా పడిపోయి రక్తకణాలు పగులుతున్నాయని డాక్టర్ చెప్పి, ఆ పూటే ఫాస్ఫరస్ ఇంజెక్షన్ ఇచ్చారు. బర్రె బతికింది. పాలు మాత్రం ఆ ఈతంతా సగమే.

ఆ రాత్రి సీసా మీది చీటీ చదివాను. కాల్షియం ఉంది, విటమిన్లు ఉన్నాయి, ఫాస్ఫరస్ అనే మాటే లేదు. కాల్షియం ఒక్కటే ఎక్కువ పోస్తే రెండింటి మధ్య తూకం ఇంకా చెడుతుంది. తొట్టిలో చూస్తే యాసంగి వరిగడ్డి తప్ప మరేమీ లేదు, రేటు పెరిగిందని తవుడు నేనే ఆపేశాను. వరిగడ్డిలో భాస్వరం తవుడులో ఉన్నదానికి పదోవంతు కూడా ఉండదు. మన దిక్కు ఎండాకాలమంతా వరిగడ్డి మీదే నడిపే కొట్టాలు ఎన్నో. అందుకే ఈ లోటు ఇంత మామూలు.

చేయాల్సింది: తవుడు మళ్లీ మొదలుపెట్టండి. కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ రాసి ఉన్న ఖనిజ మిశ్రమం పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు, దూడకు 20–25 గ్రాములు ఇవ్వండి. పొడి గడ్డి మీద చల్లకండి. గడ్డి తిన్నాక తొట్టి అడుగున చేయి పెడితే పొడి బూడిదలా అట్లే తగులుతుంది. తడిపిన దాణాలో పిసికి పెట్టండి. మా బర్రె మూడో వారానికి బొక్కల జోలికి పోవడం మానింది. ఈలోగా మేసే చోట బొక్కలు ఏరి పూడ్చండి. వాటిలోని విషంతో నాలుక, కాళ్లు చచ్చుబడి పశువు చచ్చిపోవచ్చు.

మూత్రం రంగు మారితే మాత్రం ఇంట్లో ఏదీ ప్రయత్నించకండి. అదే రోజు పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేయండి, లేదంటే డాక్టర్‌ను పిలవండి.

మిగతావి అరుదు. ఈనిన కొత్తలో దాణా వదిలేసి పిచ్చిగా నాకితే కీటోసిస్ (ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు) కావచ్చు, దాన్ని డాక్టర్ తేలుస్తారు. అరుపు బొంగురుపోయి, సొంగ కారుతూ కనబడిందల్లా కొరుకుతుంటే రేబిస్ అనుమానించాలి, ఎప్పుడో కుక్క కరిచిన సంగతి మీకు తెలియకపోయినా సరే. అప్పుడు గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చేయి పెట్టకండి, పిల్లలను కొట్టం దగ్గరికి రానివ్వకండి.