గ్రాఫ్ డేటాబేస్ పరిచయం చేశాం, వాడేవాళ్ళు మాత్రం పెరగట్లేదు: సమస్య - పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీల్లోనో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనో ఏదైనా ఓపెన్ సోర్స్ గ్రాఫ్ డేటాబేస్‌ను (మనుషులు, ఊళ్ళ లాంటివాటిని నోడ్లుగా, వాటి మధ్య సంబంధాలను గీతలుగా దాచేది) అలవాటు చేయాలని చూస్తున్నవాళ్ళ కోసం ఇది. నియో4జే కమ్యూనిటీ ఎడిషన్, జానస్‌గ్రాఫ్, నెబ్యులాగ్రాఫ్, అపాచీ ఏజ్... మీది ఏదైనా సరే, సమస్య లక్షణాలు అన్నిటికీ దాదాపు ఒకటే. జనం రావట్లేదనగానే పోస్టర్లు, మీటింగులు, టీషర్టుల ఆలోచన మొదలవుతుంది. అంతకంటే ముందు చూడాల్సింది, వచ్చిన మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడన్నది. డౌన్‌లోడ్ దగ్గరా? తన డేటా ఎక్కించేటప్పుడా? ఒకసారి చూసి మళ్ళీ తెరవట్లేదా? ఒక్కోదానికి మందు ఒక్కోటి.

లక్షణం: గిట్‌హబ్‌లో స్టార్లు పెరుగుతున్నాయి, వాడేవాళ్ళు కనపడట్లేదు

కారణం: లెక్క పెడుతున్నదే వేరు. స్టార్ కొట్టడమంటే "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టుకోవడం, అంతే. డాకర్ (ప్రోగ్రామును, దానికి కావలసినవాటిని ఇమేజ్ అనే ఒకే మూటగా నడిపేది) పుల్స్, అంటే డౌన్‌లోడ్ల అంకె చూసి మురిసిపోవడం కూడా అంతే. టెస్టులు నడిపే మెషిన్లు మార్పు జరిగిన ప్రతిసారీ అదే ఇమేజ్‌ను మళ్ళీ లాగుతుంటాయి.

పరిష్కారం: మీకు ముఖపరిచయం లేని మనిషి అడిగిన ప్రశ్నలు ఈ నెల ఎన్ని వచ్చాయో చూడండి. కొత్త వెర్షన్ వచ్చాక "పాతదాంట్లో పనిచేసింది, ఇందులో చేయట్లేదు" అని తిట్టుకుంటూ వచ్చినవాడు అసలైన యూజర్. అలాంటివాళ్ళు పదిమంది ఉన్నారంటే ప్రాజెక్టు బతికున్నట్టే.

లక్షణం: ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ దగ్గరే సగం మంది లేచిపోతున్నారు

ఎక్కువమందిని పోగొట్టుకునేది ఇక్కడే. గైడ్ రాసినవాడి ల్యాప్‌టాప్ వేరు, గుణుపురంలోనో బరంపురంలోనో కాలేజీ ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్ వేరు. అక్కడ ఉండేది విండోస్, 4 జీబీ మెమరీ. అడ్మిన్ పాస్‌వర్డ్ ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర ఉంటుంది, ఆయనేమో టీకి వెళ్ళి ఉంటాడు. గైడ్‌లో మొదటి వాక్యమే "డాకర్ ఉందనుకుంటే" అని ఉంటుంది. విండోస్‌లో డాకర్ పెట్టాలంటే బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లో లైనక్స్ నడిపే ఏర్పాటు) కావాలి. ఆ పూటకి క్లాసు అయిపోయినట్టే.

డాకర్ గండం దాటినా మెమరీ ఉంది. జావా మీద నడిచే డేటాబేస్‌కి మనం ఏమీ చెప్పకపోతే జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపేది) మామూలుగా మెషిన్ మెమరీలో నాలుగో వంతు దాకా హీప్‌కి, అంటే తన పని మెమరీకి తీసుకుంటుంది. డిస్కులోని డేటాను మెమరీలో ఉంచుకునే పేజ్ క్యాష్ దానికి అదనం. పక్కన బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఉంటే కంప్యూటర్ మూలగడం మొదలవుతుంది. కుర్రాడు నిందించేది కంప్యూటర్‌ని కాదు, డేటాబేస్‌ని.

పరిష్కారం: అడ్మిన్ హక్కు లేకుండా, విప్పగానే నడిచే జిప్ ఒకటి తయారు చేయండి. జావా కావాలంటే అదీ అందులోనే పెట్టండి. హీప్ 512 ఎంబీ, పేజ్ క్యాష్ 256 ఎంబీ అని ముందే తగ్గించిన సెట్టింగ్స్ ఫైలు జోడించండి. నేర్చుకునే డేటాకి అది బాగానే సరిపోతుంది. మొత్తాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి, ల్యాబ్ నెట్‌ను నమ్ముకోవద్దు.

ఇంకొకటి, కరెంటు. వర్షాకాలంలో ఏ మధ్యాహ్నమో కరెంటు పోతుంది, వచ్చాక డేటాబేస్ లేవదు. "స్టోర్ లాక్ దొరకలేదు" అంటూ ఒక పేజీడు జావా ఎర్రర్ కక్కుతుంది. చాలాసార్లు నిజంగా ఏమీ పాడవదు. లావాదేవీల లాగ్ చదువుకుని తనే సర్దుకుంటుంది, లేదా కంప్యూటర్ లేవగానే తనంతట తానే మొదలైన ప్రాసెస్ ఒకటి ముందే వెనకాల నడుస్తూ ఉంటుంది. కానీ మొదటిసారి చూసినవాడికి టెన్షన్, డేటా మొత్తం పోయిందనుకుంటాడు. ఆ ఎర్రర్ మీద ఒక వరుస రాయించండి: "మీ డేటా భద్రంగానే ఉంది, టాస్క్ మేనేజర్‌లో ముందే నడుస్తున్న ప్రాసెస్ ఆపి మళ్ళీ మొదలుపెట్టండి." అది తప్పకుండా నిజమయ్యే సందర్భంలోనే చూపించాలి సుమా. ఇలాంటి ఒక్క వరుస కొత్త ఫీచర్ కంటే ఎక్కువమందిని నిలబెడుతుంది.

లక్షణం: ఉదాహరణ చూశారు, బాగుందన్నారు, మళ్ళీ తెరవలేదు

కారణం: ఉదాహరణ వాళ్ళది కాదు. హాలీవుడ్ నటులు, సినిమాల డేటా మీద ప్రశ్నలు వేయిస్తే బొమ్మలు అందంగా వస్తాయి. "ఇది నాకెందుకు" అన్న దానికి మాత్రం జవాబు రాదు.

పరిష్కారం: మన దగ్గర సరుకు లేక కాదు. మేనరికాలున్న కుటుంబాన్నే తీసుకోండి. మహేంద్రతనయ నదికి ఇటు పర్లాకిమిడి, అటు పాతపట్నం. రెండు వైపులా చుట్టరికాలే. అక్క కూతుర్ని చేసుకున్నవాడికి అక్కే అత్తగారు, బావే మామగారు. దీన్ని కొమ్మలు కొమ్మలుగా వంశవృక్షంలా గీయబోతే ఒకే మనిషిని రెండు చోట్ల రాయాల్సి వస్తుంది. గ్రాఫ్‌లో మనిషి ఒక్క నోడే, గీతలు రెండు. ఇద్దరి మధ్య ఎన్ని వరసలు కలుస్తాయో అడిగితే చెబుతుంది. క్లాసులో ఎవరో ఒకరు "మా ఇంట్లో ఇదే" అంటారు. ఆ మాట వినపడితే పాఠం ఎక్కినట్టే.

రైళ్ళు ఇంకో మంచి డేటా. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపురం లైను ఒకటి. బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, నౌపడా, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మెయిన్ లైను. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ. దీనికి గుణుపురం - రాయగడ బస్సు ఒక గీతగా కలపండి, చుట్టు పూర్తవుతుంది. ఇక పర్లాకిమిడి నుంచి రాయగడకు ఎటు దగ్గరో అడగొచ్చు. ప్రశ్న ఆకారం ఇలా ఉంటుంది:

(పర్లాకిమిడి)-[:దారి*1..8]-(రాయగడ)

గుండ్రటి బ్రాకెట్లలో ఊరు, మధ్యలో దారి, ఒకటి నుంచి ఎనిమిది అంచెల వరకు. ఇది అసలు కోడ్ కాదు, దాని నమూనా. అసలు ప్రశ్నలో ఊరి పేరు నోడ్ లక్షణంగా (ప్రాపర్టీ) కొటేషన్లలో రాయాలి. సంబంధానికి పెట్టిన తెలుగు పేరును మాత్రం బ్యాక్‌టిక్‌ల మధ్య పెడితే సైఫర్ (నియో4జే లాంటివాటిలో ప్రశ్నలు రాసే భాష) ఒప్పుకుంటుంది.

లక్షణం: "ఎక్సెల్ చాలు కదా సార్, మైఎస్‌క్యూఎల్ ఉంది కదా"

కారణం: చాలాసార్లు వాళ్ళు చెప్పేది నిజమే. స్టాకు రిజిస్టరు, ఫీజుల పట్టిక, నెలవారీ మొత్తాలు లాంటివాటికి గ్రాఫ్ అక్కర్లేదు. ఒకటి రెండు అంచెల సంబంధాలకు పట్టికలను కలిపే జాయిన్ చాలు. ఎన్ని అంచెలో ముందు తెలియకపోయినా మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచి రికర్సివ్ క్వెరీ (తన ఫలితం మీద తనే మళ్ళీ నడిచేది) రాసుకోవచ్చు.

పరిష్కారం: అక్కర్లేనివాళ్ళకు అక్కర్లేదనే చెప్పండి. బలవంతంగా ఎక్కించిన యూజర్ రెండు నెలల్లో పోతాడు, పోతూ నలుగురికి చెప్పి మరీ పోతాడు. అవసరం ఉన్నచోట మాత్రం గట్టిగా చూపించండి. చీటీల వ్యాపారం చూడండి. చీటీ పాడినవాడు జామీను తేవాలి. సూర్యానికి రమణ జామీను, రమణకు బాబ్జీ, బాబ్జీకి మళ్ళీ సూర్యమే. కాగితం మీద ముగ్గురికీ జామీను ఉన్నట్టే. నిజానికి ఒకడు మునిగితే ముగ్గురూ మునుగుతారు. రిజిస్టరులో మూడు వేరే పేజీల్లో ఉన్న ఈ చుట్టు కంటికి కనపడదు. గ్రాఫ్‌లో

(మనిషి)-[:జామీను*2..6]->(అదే మనిషి)

అన్న ఒక్క నమూనా పట్టిస్తుంది. ఎస్‌క్యూఎల్‌లోనూ ఇది చేయొచ్చు, చుట్టులో పడి తిరగకుండా జాగ్రత్త మనమే రాసుకోవాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, వాదన అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ వదలనంటే అపాచీ ఏజ్ చెప్పండి, ఉన్నదాని మీదే గ్రాఫ్ వస్తుంది. మీ ప్రాజెక్టు కాకపోయినా చెప్పండి.

లక్షణం: సొంత డేటా ఎక్కించారు, అంతా ప్రశ్నార్థకాలు, డూప్లికేట్లు

ఇందులో మూడు వేరు వేరు జబ్బులున్నాయి. తెలుగు, ఒడియా పేర్లు ప్రశ్నార్థకాలుగా మారితే ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారని అర్థం. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని వేరే ఎంపిక ఉంటుంది, దాన్ని వాడాలి. ఒకసారి ప్రశ్నార్థకమైన అక్షరం తిరిగి రాదు, అసలు షీటు నుంచే మళ్ళీ తీయాలి.

ఒకే ఊరు మూడు నోడ్లయితే అది సరిహద్దు జబ్బు. తెలుగువాళ్ళు పర్లాకిమిడి అంటారు, ఒడియా కాగితాల్లో పారలాఖెముండి, ఇంగ్లీషు స్పెల్లింగులు ఎవరిష్టం వాళ్ళవి. పేరును గుర్తింపుగా పెట్టకండి. ఊరికి ఒక కోడ్, పేర్లన్నీ దానికి లక్షణాలు. అసలు చిక్కు ఏమిటంటే, కంటికి ఒకేలా ఉన్న రెండు తెలుగు పేర్లు కూడా వేరు కావచ్చు. కీబోర్డును బట్టి మధ్యలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరుతుంది. పోల్చడానికి వాడే నకలులోంచి దాన్ని తీసేసి, ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు కోడ్‌లను ఒకే రూపానికి తేవడం) చేయండి. చూపించే పేరును ముట్టుకోవద్దు.

డేటా ఎక్కేకొద్దీ నెమ్మదిస్తుంటే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) లేదని అర్థం. మెర్జ్ (లేకపోతేనే కొత్త నోడ్ చేర్చే కమాండ్) ప్రతి వరుసకీ "ఇది ముందే ఉందా" అని ఆ లేబుల్ నోడ్లన్నీ వెతుకుతుంది. డేటా కంటే ముందు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే కోడ్ రెండుసార్లు రాకుండా ఆపే నియమం, దాంతో ఇండెక్స్ కూడా వస్తుంది) పెట్టించండి. గైడ్‌లో ఇది మొదటి మెట్టుగా ఉండాలి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

లక్షణం: "రేపు డబ్బులు అడిగితే?" అని ఆఫీసువాళ్ళు వెనక్కి తగ్గుతున్నారు

కారణం: భయం ఊరికే పుట్టలేదు. నియో4జే ఎంటర్‌ప్రైజ్ కోడ్ 2018లో మూసేశారు, కమ్యూనిటీ ఎడిషన్ మాత్రం జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉంది. అరంగోడీబీ 2023లో లైసెన్సు మార్పు ప్రకటించింది. రెడిస్‌గ్రాఫ్‌ను అదే ఏడాది ఆపేస్తున్నామన్నారు. సర్వర్ అక్కర్లేకుండా నడిచే కూజూ కోడ్ ఉన్న రిపాజిటరీని 2025 అక్టోబరులో మార్పులకు వీల్లేకుండా ఆర్కైవ్ చేశారు.

పరిష్కారం: లైసెన్సు ఏదో, కాపీరైట్ ఎవరి దగ్గరుందో, మొత్తం డేటాను బయటికి తీసే కమాండ్ ఏదో, ఈ మూడూ ముందు పేజీలో పెట్టండి. టైటాన్ అనే గ్రాఫ్ డేటాబేస్ ఆగిపోతే 2017లో లైనక్స్ ఫౌండేషన్ కింద జానస్‌గ్రాఫ్‌గా కొనసాగిందనీ చెప్పండి, అన్ని కథలూ చెడ్డవి కావు. ఐఎస్ఓ 2024 ఏప్రిల్‌లో జీక్యూఎల్ అనే గ్రాఫ్ ప్రశ్నల భాషకు ప్రమాణం ప్రచురించింది, దాని నమూనాల రాత సైఫర్‌కి దగ్గరగా ఉంటుంది. నేర్చుకున్నది ఒక్క కంపెనీకి కట్టుబడిపోదని చెప్పడానికి ఇది పనికొస్తుంది.

లక్షణం: అందరూ వాట్సాప్‌లో అడుగుతున్నారు, ఇష్యూ ట్రాకర్‌లో (సమస్యలు నమోదు చేసే పేజీ) ఒక్కరూ రాయట్లేదు

కారణం: ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పరీక్ష ఇంగ్లీషు. పదిమంది చూసేచోట ఇంగ్లీషు తప్పు రాస్తే నవ్వుతారేమోనన్న బెరుకు. అందుకే ఫోన్‌తో తీసిన వంకర స్క్రీన్ ఫోటో, కింద "సార్ ఇది రావట్లేదు".

పరిష్కారం: ఆ ఫోటోనే తీసుకోండి. ఒక వాలంటీర్ దాన్ని ఇష్యూగా మార్చి లింకు తిరిగి పంపాలి. రెండు మూడుసార్లు తన ప్రశ్నను అక్కడ చూసుకున్నాక కుర్రాళ్ళు తామే రాస్తారు. తెలుగులో, ఒడియాలో రాసినా తీసుకుంటామని ఇష్యూ ఫారం పైనే రాయండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా పనిచేసినవారు. ఆ ఊళ్ళో కూర్చుని గ్రాంథికంలో డాక్యుమెంటేషన్ రాస్తే బాగుండదు.

లక్షణం: వర్క్‌షాప్‌కి హాలు నిండింది, వారానికి ఎవరూ లేరు

కారణం: సర్టిఫికెట్. పరిష్కారం: దాన్ని వచ్చిన రోజే ఇవ్వకండి, సొంత డేటా మీద ఒక ప్రశ్న వేసి చూపించాక ఇవ్వండి. జనం తగ్గుతారు, తగ్గనివ్వండి. కాలేజీలో ఏటా మారిపోయే పిల్లల కంటే అక్కడే ఉండే ల్యాబ్ అసిస్టెంట్‌కి ముందు నేర్పండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉంది.

లక్షణం: ఉన్నవాళ్ళు పాత వెర్షన్ దగ్గరే ఉండిపోయారు

కారణం: ఒకసారి అప్‌గ్రేడ్ చేస్తే స్టోర్ ఫార్మాట్ (డేటాను డిస్కులో దాచే తీరు) మారి పాత డేటా తెరుచుకోలేదు, మళ్ళీ ఆ జోలికి పోలేదు. పరిష్కారం: ప్రతి విడుదలతో పాటు మూడు వరుసల కాగితం ఇవ్వండి. పాతదాంట్లో డంప్ (డేటా మొత్తం ఉన్న ఫైలు) తీయండి, కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో విప్పండి, అందులోకి లోడ్ చేయండి. కొత్తది ఓ వారం సరిగ్గా నడిచేదాకా పాత ఫోల్డర్ తీసేయొద్దని నాలుగో వరుస కూడా వేయండి.