బేస్‌బాల్ కార్డులు, 3వ పాఠం: వెనక వైపు చదవడం

కిందటి పాఠంలో కార్డు ముందు వైపు చూశాం. మూలలు నలిగాయా, అంచులు చెదిరాయా, ఆటగాడి బొమ్మ సరిగ్గా మధ్యన పడిందా అని. ఈసారి కార్డును తిప్పండి. కొంతమంది కార్డును ప్లాస్టిక్ డబ్బీలో బిగించి గోడకు తగిలిస్తారు, వెనక ఏముందో మళ్లీ చూడరు. వాళ్ల డబ్బు వాళ్లిష్టం. కానీ ఆటగాడి కథంతా ఉండేది అక్కడే.

పై భాగంలో కార్డు నంబరు, ఎత్తు, బరువు, పుట్టిన తేదీ ఉంటాయి. ఏ చేత్తో బ్యాటింగ్ చేస్తాడో, ఏ చేత్తో విసురుతాడో కూడా ఉంటుంది. ‘బ్యాట్స్’ దగ్గర ‘బోత్’ అని కనిపిస్తే ఎడమ, కుడి రెండు వైపులా నిలబడి కొట్టేవాడని. ఇక కింది గడులకు వద్దాం.

జి అంటే ఆడిన మ్యాచులు. ఏబీ అంటే ఎట్ బ్యాట్స్, అంటే లెక్కలోకి వచ్చిన బ్యాటింగ్ అవకాశాలు. హెచ్ అంటే హిట్లు, అంటే బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ (మైదానంలో బ్యాటర్ చేరాల్సిన మజిలీ) చేరిన సార్లు. హెచ్ఆర్ అంటే హోమ్ రన్లు, ఒక్క దెబ్బతో అన్ని బేస్‌లూ చుట్టి వచ్చిన హిట్లు. ఆర్‌బీఐ అంటే ఇతని బ్యాటింగ్ వల్ల జట్టుకొచ్చిన పరుగులు. చివరి గడి ఏవీజీ, యావరేజ్. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. చిన్నప్పుడు బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులు పోగేసినవాళ్లకు యావరేజ్ అనగానే పరుగుల్ని ఔట్లతో భాగించడం గుర్తొస్తుంది. ఇక్కడ పరుగులతో పనే లేదు. హిట్లను ఏబీతో భాగించాలి, మూడు దశాంశ స్థానాలు ఉంచాలి, ముందున్న సున్నా రాయకూడదు. .300 దాటితే మంచి బ్యాటర్ కింద లెక్క. పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, నాలుగు బంతులు గురి తప్పించి వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. దాన్ని ‘వాక్’ అంటారు, అది ఏబీలో కలవదు. అందుకే ఓపికగా వాక్‌లు సంపాదించేవాడి గొప్పతనం ఈ గడిలో కనబడదు. పాత కార్డులతో నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఒక కెరీర్ పట్టి చూద్దాం. ప్యూర్టోరికోలోని కరోలినాలో పుట్టిన రొబెర్టో క్లెమెంటే. 1955 నుంచి 1972 దాకా 18 సీజన్లు, అన్నీ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కే. కాగితం, పెన్ను తీసుకుని మూడు సీజన్లు రాసుకోండి:

1955: ఏబీ 474, హిట్లు 121
1967: ఏబీ 585, హిట్లు 209
1972: ఏబీ 378, హిట్లు 118

భాగిస్తే .255, .357, .312 వస్తాయి. మొదటి ఏడాది తడబడ్డ కుర్రాడు పన్నెండేళ్లకు లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్ (అందరికన్నా ఎక్కువ యావరేజ్‌కు దక్కేది) కొట్టాడు, అది అతనికి నాలుగోది. ఇప్పుడు 1972లో ఏబీ ఎందుకు తగ్గిందో చూడాలి. జి గడిలో 102 అని ఉంటుంది. 1967లో అది 147. యావరేజ్ నిలబడి మ్యాచులు తగ్గాయంటే ఆట తగ్గలేదు, ఒళ్లు సహకరించలేదని అనుమానించాలి. క్లెమెంటేకు ఆ ఏడాది గాయాలు తప్పలేదు.

ఆ 118 హిట్లలో ఆఖరిది సెప్టెంబరు 30న వచ్చింది. దాంతో కెరీర్ హిట్లు సరిగ్గా 3,000. డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తున్న విమానం కూలి ఆయన చనిపోయారు. టాప్స్ అనే కార్డుల కంపెనీ 1973 సెట్లో 50వ నంబరు కార్డు ఆయనదే. అది చేతికొస్తే తొందరపడకుండా చదవండి.

ముందు వైపుకు సంబంధించిందే అయినా ఒక మాట. 1955 కార్డు మీద ‘రొబెర్టో’ అని ఉంటుంది. 1960ల్లో టాప్స్ కార్డుల మీద ‘బాబ్ క్లెమెంటే’ అయిపోయాడు. ఆ పిలుపు ఆయనకు నచ్చేది కాదు.

ఇక ఈ పాఠంలో చేతికి పనికొచ్చే కిటుకు. కార్డు ఏ ఏడాదిదో తెలియకపోతే గడుల్లో ఆఖరి సంవత్సరం చూసి ఒకటి కలపండి. సీజన్ మొదలయ్యే వేళకు అచ్చయ్యే కార్డులో కిందటి ఏడాది లెక్కలే ఉంటాయి కదా. నేను కొత్తలో ఒక మేళాలో 1969 కార్డనుకుని ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆఖరి వరుసే 1969, అంటే కార్డు 1970ది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, నేనే తిప్పి చూడలేదు. 1950ల మొదట్లో వచ్చిన కార్డులకు మాత్రం ఈ కిటుకు నడవదు. 1952 టాప్స్‌లో ఉండేవి రెండే వరుసలు: పోయిన ఏడాది, మొత్తం కెరీర్. ఏ సంవత్సరమో ఉండదు.

ఇంటిపని. న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన మికీ మాంటిల్ మొత్తం కెరీర్: ఏబీ 8,102, హిట్లు 2,415. ఆఖరి సీజన్ 1968: ఏబీ 435, హిట్లు 103. ఆ సీజన్ తీసేసి ఒకసారి, కలిపి ఒకసారి యావరేజ్ కట్టండి. ఆ ఒక్క ఏడాది ఆడకుండా ఉంటే బాగుండేదని అభిమానులు ఎందుకు నొచ్చుకుంటారో తెలుస్తుంది.

వచ్చే పాఠం రూకీ కార్డుల మీద, అంటే ఆటగాడి మొట్టమొదటి కార్డుల మీద. ఇదే మాంటిల్ 1952 టాప్స్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అది ఆయన రూకీ కార్డు కాదు. మరి ఏది? ఈలోగా వెతికి పెట్టుకోండి.