సికిల్ సెల్ ఉన్నవారికి యుడిఐడి కార్డు: దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగిపోతుంది

యుడిఐడి అంటే వైకల్య సర్టిఫికెట్‌తో పాటు దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి సికిల్ సెల్ కూడా ఉంది. తలసీమియా, హీమోఫీలియా కూడా అందులోవే. "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా, మీకు సర్టిఫికెట్ ఏంటి" అని కౌంటర్ దగ్గర ఎవరైనా వెనక్కి పంపబోతే ఈ చట్టం పేరు చెప్పండి.

దరఖాస్తు వరకూ పెద్ద పనేం కాదు. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ కార్డు వెబ్‌సైట్‌లో ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, చిరునామా రుజువు పెట్టి, వైకల్యం రకం దగ్గర సికిల్ సెల్ వ్యాధిని ఎంచుకోవాలి. సొంతంగా పెట్టుకుంటే ఫీజు లేదు. ఫోన్ నంబర్ మాత్రం ఇంట్లోవాళ్లదే ఇవ్వండి. ఏజెంట్ తన నంబర్ వేసుకున్నాడంటే ఓటీపీ, పరీక్షకు రమ్మనే మెసేజ్ అన్నీ అతనికే వెళ్తాయి. ఇక ప్రతి కబురుకీ అతని చుట్టూ తిరగాలి. ఆస్పత్రి సొంత జిల్లాలోదే కావాలని లేదు. ఈ జబ్బుకు మీరు చూపించుకుంటున్న ప్రభుత్వాసుపత్రిలోనూ పరీక్ష కోరవచ్చు.

చిక్కంతా పరీక్ష రోజున. ఊళ్లో క్యాంపు పెట్టి వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసేది మొదటి వడపోత మాత్రమే. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఇలాంటి క్యాంపులు చాలాచోట్ల జరుగుతున్నాయి. అక్కడ చేసే ఈ సాల్యుబిలిటీ పరీక్షలో పాజిటివ్ వచ్చిందంటే రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందని తెలుస్తుంది, అంతే. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందా (ఏఎస్, అంటే వాహకులు), ఇద్దరి నుంచీ వచ్చిందా (ఎస్ఎస్, అంటే వ్యాధి) అనేది ఆ పరీక్ష చెప్పలేదు. వాహకులకు వైకల్య సర్టిఫికెట్ రాదు. కాబట్టి డాక్టర్లు అడిగేది హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, లేదా ఎలక్ట్రోఫోరెసిస్ రిపోర్టు. ఏఎస్సా, ఎస్ఎస్సా అని తేల్చే ల్యాబ్ రక్త పరీక్షలివి. అది లేకుండా వెళ్తే ఆ రోజు కూలీ పోవడమే మిగులుతుంది.

రిపోర్టు ఉన్నా ఇంకో మెలిక ఉంది, దీని గురించి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. రక్తం ఎక్కించాక ఆ దాత ఎర్రకణాలు వారాల తరబడి ఒంట్లో తిరుగుతుంటాయి. మామూలుగా ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. ఆ లోపు పరీక్ష చేయిస్తే దాత రక్తం కలిసిపోయి, ఎస్ఎస్ ఉన్న బిడ్డ రిపోర్టు ఏఎస్‌లా కనిపించవచ్చు. అందుకే రక్తం ఎక్కించకముందు తీసిన పాత రిపోర్టు ఉంటే బంగారంలా దాచుకోండి. పుట్టుకతో వచ్చే జబ్బు కాబట్టి ఎన్నేళ్లయినా అది మారదు. పాత రిపోర్టు లేకపోతే చివరిసారి ఎప్పుడు రక్తం ఎక్కించారో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. వీలైతే తల్లిదండ్రుల రిపోర్టులూ పట్టుకెళ్లాలి. రిపోర్టు కోసమని రక్తం ఎక్కించుకోవడం మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. కార్డు కాస్త ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు.

ఇక సర్టిఫికెట్‌లో రాసే వైకల్య శాతం. చాలా పథకాలకు కనీసం 40 శాతం ఉండాలి. నొప్పి ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు, తుంటి కీలు, మెదడు, ఊపిరితిత్తుల వంటివి ఏమైనా దెబ్బతిన్నాయా అన్నవి చూస్తారు. అదంతా కాగితం మీద కనపడాలి. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లోనే మాత్ర వేసుకుని పళ్లబిగువున గడిపేసేవాళ్లకి ఇక్కడే అన్యాయం జరుగుతుంది, వాళ్ల బాధకి రికార్డే ఉండదు. ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం, రక్తం ఎక్కించిన స్లిప్పు, ఏదీ పారేయకండి. ఒక సంచిలో తేదీల వరసన పెట్టుకుంటే చాలు.

"శాతం పెంచిస్తాం" అని డబ్బడిగేవాళ్లు ఆస్పత్రి ఆవరణలోనే తగులుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగ పింఛనుదారులను మళ్లీ పరీక్షలకు పిలిచారని గుర్తుంచుకోండి. కొనుక్కున్న శాతం అలాంటి చోట నిలవదు. నిజంగా జబ్బున్నవాళ్లకి మళ్లీ పిలిచారని టెన్షన్ అక్కర్లేదు, అదే సంచి పట్టుకెళ్లాలి.

తిరస్కరిస్తే నోటిమాటతో సరిపెట్టకూడదు, కారణం రాసివ్వాలి. ఆ కాగితం చేతికొచ్చాక గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. సర్టిఫికెట్ వచ్చినా, ముఖ్యంగా పిల్లలకు, కొన్నేళ్ల గడువుతోనే ఇవ్వవచ్చు. గడువు తేదీ చూసుకుని ముందుగానే రెన్యువల్‌కు పెట్టాలి. పింఛను ఈ కార్డుతో దానంతటదే మొదలవదు, దానికి మళ్లీ వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.