చదివింది కళ్లకు కట్టాలంటే: మూడు, నాలుగు తరగతులకు ఒక సాధన

పాఠం గడగడా చదివేసి, పుస్తకం మూసి 'ఏం జరిగింది?' అని అడగ్గానే నీళ్లు నమిలే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అక్షరాలు వచ్చు, వాటి వెనక బొమ్మ మనసులోకి రాదు. చదివినదాన్ని అలా మనసులో బొమ్మ కట్టుకోవడం నేర్పవచ్చు. 1976లో అమెరికాలో మైకేల్ ప్రెస్లీ అనే పరిశోధకుడు ఎనిమిదేళ్ల పిల్లలతో ఈ సాధన చేయించాడు. ముందు వాక్యాలు, తర్వాత పేరాలు, ఆపైన కథ. సాధన చేసినవాళ్లకు కథ ఎక్కువగా గుర్తుంది. ఇందులో వరసే కీలకం. 'కళ్లు మూసుకుని ఊహించుకోండి' అనేసి ఊరుకుంటే సగంమంది నిద్రలోకి జారుకుంటారు.

మొదటి రోజు వాచకం తీయించకండి. బోర్డు మీద మూడు వాక్యాలు చాలు:

'రాములమ్మ రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. జల్లు మొదలైంది. ఆమె కుంపటిని దగ్గరికి లాక్కుంది.'

ఒక్కో వాక్యం చదివి పది సెకన్లు ఆగండి. ఆ తర్వాత మీకు కనిపించింది మీరే పైకి చెప్పండి: 'నాకు నల్ల గొడుగు కనిపిస్తోంది. నలుపని పాఠంలో లేదు, నేను కలుపుకున్నాను. నిప్పులు కనిపిస్తున్నాయి. నిప్పులనే మాటా లేదు, కానీ పొత్తులు కాలుతున్నాయంటే ఉండాల్సిందే.' ఈ తేడా పిల్లలకు మీ నోటి నుంచి వినిపించాలి. పాఠం చెప్పింది, పాఠాన్ని బట్టి తెలిసింది, మనం కలుపుకున్నది అని బోర్డు మీద మూడు గళ్లు గీసి, పిల్లలు చెప్పే ప్రతి వివరాన్నీ వాటిలో ఒకదానిలో వేయించండి.

ఇప్పుడు అడగండి: 'కుంపటి ఎందుకు లాక్కుంది?' జవాబు ఏ వాక్యంలోనూ లేదు. బొమ్మ కట్టుకున్న పిల్లలు నిప్పు తడిసిపోతుందంటారు. 'చలేసి' అనేవాళ్లూ ఉంటారు. కొట్టిపారేయకండి, జల్లు అనే మాట వాళ్లకూ ఆధారమే. 'అమ్మేసి ఇంటికెళ్లిపోదామని' అంటే మాత్రం 'ఏ మాట చెప్పింది?' అని అడగండి. ఈ ప్రశ్న లేకపోతే అది చదువు కాదు, పగటికల.

రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. మొదటి మూడు రోజులు విడి వాక్యాలు, పక్కవాడికి చెప్పుకోవడం. తర్వాతి వారం నాలుగైదు వాక్యాల పేరా. ఆ తర్వాతే వాచకంలో పేజీ, అదీ బొమ్మల మీద కాగితం కప్పి. అచ్చయిన బొమ్మ కళ్లెదుట ఉంటే పిల్లలు దాన్నే అప్పజెబుతారు. చదవడం అయ్యాక కాగితం తీసి, చిత్రకారుడు ఏం కలిపాడో, ఏం వదిలేశాడో పట్టుకోమనండి. పిల్లలకు ఇది భలే సరదా. బొమ్మ గీయిస్తే మూడు నిమిషాలు మించకూడదు, పుల్లల మనుషులు చాలు. రంగులు తీశారంటే పీరియడు అయిపోయినట్టే.

తెలుగులో ఒక చిక్కుంది. 'గట్టు మీద గేదెల్ని తోలుకొస్తున్న పిల్లాణ్ణి చూసి కుక్క మొరిగింది.' చూసిందెవరని అడిగితే చాలామంది పిల్లాడంటారు. కుక్క వచ్చేసరికే వాళ్ల బొమ్మ గట్టిపడిపోయింది. ఇలాంటి వాక్యాన్ని 'పిల్లాడు గేదెల్ని తోలుకొస్తున్నాడు, కుక్క చూసింది, మొరిగింది' అని విడగొట్టి, మళ్లీ కలిపి చదివించండి.

జాతీయాలు ఇంకో గొయ్యి. 'దొంగ కాలికి బుద్ధి చెప్పాడు' అంటే కాలిని తిడుతున్న దొంగను గీస్తారు. అర్థం ముందే చెప్పేయండి. కల్లం, కవ్వం, ఏతం లాంటివి చూడని పిల్లలకు బొమ్మే ఉండదు. వస్తువో ఫొటోనో ముందు చూపించాలి. గౌరవం, నిజాయితీ లాంటి మాటలకు ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు, బలవంతంగా రుద్దకండి.

బొమ్మ నిజంగా కడుతున్నారో లేదో తేల్చుకోవడానికి తప్పున్న పేరా ఇవ్వండి: 'కల్లంలో ధాన్యం ఆరబోశారు. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. తాత లాంతరు వెలుగులో గింజలు ఏరుతున్నాడు.' బొమ్మ కట్టినవాళ్లు లాంతరు దగ్గర ఆగుతారు. 1986లో లిండా గాంబ్రెల్, రూబీ బేల్స్ అనే పరిశోధకులు చదువులో వెనకబడిన నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో చూసింది ఇదే. బొమ్మ కట్టుకోమని నేర్పినవాళ్లు ఇలాంటి పొసగని మాటల్ని ఎక్కువగా పట్టుకున్నారు.

గుణింతాల దగ్గరే తడబడుతున్న పిల్లలకు బలమంతా అక్కడే ఖర్చవుతుంది. వాళ్లకు మీరు చదివి వినిపించండి, బొమ్మ మాత్రం వాళ్లే కట్టాలి. ఎంత చెప్పినా 'నాకేం కనపడట్లేదు టీచర్' అనే పిల్లను మొండిదనుకోకండి. కొందరికి మనసులో బొమ్మలు నిజంగానే రావు. ఆ స్థితికి నాడీవైద్యుడు ఆడమ్ జెమాన్, ఆయన సహచరులు 2015లో అఫాంటసియా అని పేరుపెట్టారు. అలాంటి పిల్లకు రెండు సుద్దముక్కలు, ఒక డస్టరు ఇవ్వండి. ఒకటి రాములమ్మ, ఒకటి గొడుగు, డస్టరు కుంపటి. జల్లు పడగానే ఏది ఎటు జరగాలో బల్ల మీద జరిపి చూపిస్తుంది.