సొంత మెయిల్ సర్వర్ – 5వ పాఠం: చదరపు బ్రాకెట్ల చిక్కు

పోయిన పాఠం ప్రకారం రిలే (మన మెయిళ్లను అందుకుని బయటికి చేరవేసే వేరే సంస్థ సర్వర్) పెట్టుకున్నవారిలో చాలామంది మొర ఒకటే: "పాస్‌వర్డ్ సరిగ్గానే ఇచ్చాను, మెయిళ్లు మాత్రం తిరిగి వచ్చేస్తున్నాయి." అందుకని ఈ వారం చెప్పాలనుకున్న డీకిమ్ (మెయిల్ మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం) సంగతి వాయిదా వేస్తున్నాను.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక బట్టల దుకాణంలో మొన్న ఇదే చూశాను. పంపిన బిల్లులన్నీ తిరిగి వాళ్ల ఇన్‌బాక్సులోకే వచ్చి పడుతున్నాయి. యజమాని అప్పటికే మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చారట. మెయిల్ సర్వర్ లాగ్ తెరిస్తే ప్రతి వరుసలోనూ రిలే ఇచ్చిన జవాబు కోడ్ 530. ఇక్కడే ఆగండి. పాస్‌వర్డ్ తప్పయితే వచ్చేది 535. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ (మన మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్) మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్లీ ప్రయత్నిస్తుంది. 530 అంటే, పక్కనే స్టార్ట్‌టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను గుప్తం చేయమనే ఆదేశం) అన్న మాట లేకపోతే, పాస్‌వర్డ్ అసలు పంపనే లేదని. పంపని పాస్‌వర్డ్‌ను ఎన్నిసార్లు మార్చి ఏం లాభం?

ఎందుకు పంపలేదంటే, పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలైన మెయిన్.సీఎఫ్‌లో రిలేహోస్ట్ ఎదురుగా [రిలే]:587 అని ఉంది. పాస్‌వర్డ్ ఫైల్లో రిలే:587 అని ఉంది. రెండూ కలవలేదు, అందుకే పోస్ట్‌ఫిక్స్‌కు పాస్‌వర్డ్ దొరకలేదు. (రిలే సంస్థ మీకిచ్చిన సర్వర్ పేరును ఇక్కడ "రిలే" అంటున్నాను, 587 దాని పోర్టు నంబరు.) బ్రాకెట్లు అలంకారం కాదు. అవి లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎమ్‌ఎక్స్ రికార్డు (ఆ పేరుకు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ నమోదు) వెతుకుతుంది. బ్రాకెట్లు ఉంటే నేరుగా ఆ యంత్రానికే వెళుతుంది. రిలేహోస్ట్‌లో బ్రాకెట్లు పెట్టారా, పాస్‌వర్డ్ ఫైల్లోనూ పెట్టండి. [రిలే] అని రాసి 587 వదిలేసినా దొరకదు. రేషన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే మనిషి ఒకరే అయినా పని ఆగిపోతుంది కదా, అదే తంతు. నేనైతే చేత్తో కొట్టను, మెయిన్.సీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తాను.

దిద్దాక పోస్ట్‌మ్యాప్ (ఆ ఫైలును పోస్ట్‌ఫిక్స్ చదివే డేటాబేసుగా మార్చే ఆదేశం) నడపాలి. లేకపోతే పోస్ట్‌ఫిక్స్ పాత డేటాబేసునే చదువుతుంది. ఫైలుకు 600 అనుమతి (ఫైలు సొంతదారు మాత్రమే చదవగల, రాయగల అనుమతి) ఎలాగూ ఇచ్చే ఉంటారు. 465 పోర్టు కూడా వాడవచ్చు గాని, దానికి ర్యాపర్‌మోడ్ (మొదటి నుంచే గుప్త కనెక్షన్ పెట్టే సెట్టింగు) అదనం. నాకు 587 చాలు.

అభ్యాసం: ఒకే రిలేలో రెండు ఖాతాలు తీసుకోండి. బిల్లుల చిరునామా నుంచి వెళ్లే మెయిల్ ఒక ఖాతాతో, ఫిర్యాదుల చిరునామా నుంచి వెళ్లేది రెండో ఖాతాతో పోవాలి. రిలేహోస్ట్ వరుసను ముట్టుకోకూడదు. ఈసారి పాస్‌వర్డ్ ఫైల్లో ఎడమవైపు సర్వర్ పేరు ఉండదు, ఏముంటుందో కనిపెట్టండి.