చిన్న ల్యాప్‌టాప్‌లో వీఎస్ కోడ్: టెర్మినల్‌ని పక్కకి జరపండి

ఆఫీసులో పెద్ద మానిటర్ ఉంటుంది కాబట్టి వీఎస్ కోడ్ (ప్రోగ్రామ్‌లు రాసుకునే మైక్రోసాఫ్ట్ ఎడిటర్) ఎలా ఉన్నా నడిచిపోతుంది. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ సంచిలో పడేసుకుని తెనాలి వచ్చేస్తేనే అసలు ఇబ్బంది తెలుస్తుంది. నాది 14 అంగుళాల స్క్రీన్, రిజల్యూషన్ 1366×768. వెడల్పు ఫరవాలేదు, చాలనిది ఎత్తే. పైన టైటిల్ బార్, దాని కింద ట్యాబ్‌లు, అడుగున స్టేటస్ బార్, ఆ కింద విండోస్ టాస్క్‌బార్, అన్నీ తలా కాస్త తినేశాక ఫాంట్ సైజు 14లో ముప్పై లైన్లకి అటూ ఇటూగా కోడ్ మిగులుతుంది. టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే భాగం, తెరిస్తే ఇరవైకి పడిపోతుంది. ఫంక్షన్ మొదలు కనిపిస్తే చివర కనిపించదు.

కాబట్టి ఎత్తు తినేవాటిని పక్కకి పంపాలి. పక్కనున్నవాటిని అక్కర్లేనప్పుడు మూసేయాలి. నేను చేసే మార్పులన్నీ ఈ లెక్క ప్రకారమే.

ముందు టెర్మినల్ సంగతి చూడండి. ప్రాబ్లమ్స్, అవుట్‌పుట్, టెర్మినల్ అని పేర్లుండే పట్టీ మీద రైట్ క్లిక్ చేస్తే ప్యానెల్ పొజిషన్ అని వస్తుంది. అందులో రైట్ ఎంచుకోండి. ప్యానెల్, అంటే టెర్మినల్ ఉన్న ఆ భాగం, మొత్తం కుడివైపు నిలువుగా నిలబడుతుంది, పోయిన లైన్లు తిరిగొస్తాయి. ఎడిటర్‌లో ఎనభై అక్షరాల లైన్ విరక్కుండా కనిపించాలంటే లైన్ నంబర్లతో కలిపి సుమారు 700 పిక్సెల్స్ కావాలి. 1366లో అది తీసేస్తే టెర్మినల్‌కి బాగానే మిగులుతుంది. కాకపోతే ఎడమవైపు ఎక్స్‌ప్లోరర్ (ఫైళ్ల జాబితా) కూడా తెరిచి ఉంటే ఇద్దరికీ ఇరుకే. దాన్ని కంట్రోల్ బీతో మూసేయండి, కావాలంటే మళ్లీ అదే నొక్కండి. ఫైల్ తెరవడానికి ఎక్స్‌ప్లోరర్ అక్కర్లేదు. కంట్రోల్ పీ కొట్టి పేరులో నాలుగక్షరాలు టైప్ చేస్తే చాలు. టెర్మినల్‌ని మూయడానికి, తెరవడానికి కంట్రోల్ జే. మ్యాక్ వాళ్లు వీటన్నిటికీ కంట్రోల్ బదులు కమాండ్ నొక్కాలి.

టెర్మినల్ పక్కకి వెళ్తే ఒక చిక్కుంది. జావా ఎర్రర్ ట్రేస్ లాంటి పొడుగాటి లైన్లు మడతలు పడి చదవడానికి విసుగొస్తాయి. దీనికి నా మందు 'టాగుల్ మ్యాక్సిమైజ్డ్ ప్యానెల్' అనే కమాండ్. ఒకసారి నొక్కితే ప్యానెల్ ఎడిటర్ జాగా అంతా ఆక్రమిస్తుంది, ఇంకోసారి నొక్కితే యథాస్థానానికి వస్తుంది. దీనికి ముందుగా ఇచ్చిన షార్ట్‌కట్ లేదు, మనమే పెట్టుకోవాలి. కంట్రోల్ కే, వెంటనే కంట్రోల్ ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. అక్కడ కమాండ్ పేరు వెతికి, దాని మీద డబుల్ క్లిక్ చేసి, చేతికి అందే కీలు ఇచ్చేయండి. ప్యానెల్‌ని కిందే ఉంచుకున్నవాళ్లకి ఇది పనిచేయాలంటే ప్యానెల్ అలైన్‌మెంట్ (ప్యానెల్ ఎంత వెడల్పున పరుచుకోవాలనే సెట్టింగ్) సెంటర్‌లో ఉండాలి. లేకపోతే కుదరదని హెచ్చరిక వస్తుంది.

ఇక చిల్లర జాగా. ఎడమ అంచున ఐకాన్ల నిలువు పట్టీ ఉంటుందే, యాక్టివిటీ బార్, దాని మీద రైట్ క్లిక్ చేసి టాప్‌కి మార్చేయండి. అది సైడ్‌బార్ (ఎక్స్‌ప్లోరర్ తెరుచుకునే చోటు) నెత్తి మీదకి వెళ్తుంది కాబట్టి ఎడిటర్ ఎత్తు తగ్గదు. గేర్ ఐకాన్ ఏమైందని కంగారు పడకండి, టైటిల్ బార్ కుడి చివరకి వెళ్లి ఉంటుంది. మినీమ్యాప్‌ని, అంటే ఎడిటర్ పక్కన ఫైల్ మొత్తాన్ని చిన్నగా చూపించే బొమ్మని, వ్యూ మెనూలో అపియరెన్స్ కింద తీసేయొచ్చు. అంత చిన్న స్క్రీన్ మీద ఆ చీమల బారు ఎవరికి ఉపయోగమో నాకైతే అర్థం కాదు.

ఆఫీసు మానిటర్ దగ్గర లెక్క వేరు. 2023 నవంబర్ వెర్షన్, అంటే 1.85 నుంచి, ట్యాబ్‌ని పట్టుకుని విండో బయటికి లాగి వదిలితే అది విడి విండో అయిపోతుంది. టెర్మినల్‌ని కూడా ఇలాగే పంపొచ్చు. దాని పేరు మీద రైట్ క్లిక్ చేస్తే కొత్త విండోలోకి తరలించే ఆప్షన్ కనిపిస్తుంది. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసేవాళ్లకి ఇది భలే పనికొస్తుంది. చూపించాల్సిన ఫైల్‌ని మాత్రమే బయటికి లాగి, ఆ విండోలోనే జూమ్ పెంచుకోవచ్చు. మిగతా విండోల సైజు మారదు.

ఇంట్లో ఒక అమరిక, ఆఫీసులో ఒక అమరిక కావాలంటే ప్రతి సోమవారం లాగుతూ కూర్చోనక్కర్లేదు. గేర్ ఐకాన్ నొక్కి ప్రొఫైల్స్‌లోకి వెళ్లి రెండు ప్రొఫైల్స్ చేసుకోండి. సెట్టింగ్స్, షార్ట్‌కట్లు, ఏ వ్యూ (సెర్చ్, ఎక్స్‌ప్లోరర్ లాంటి భాగం) ఎక్కడుందో, ఎక్స్‌టెన్షన్లు (అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రామ్‌లు), అన్నీ దేనివి దానికే ఉంటాయి. కొత్తదాన్ని ఖాళీగా మొదలుపెట్టకుండా ఇప్పుడున్నదాని నుంచి కాపీ చేసుకోవడం మేలు. లేకపోతే ఎక్స్‌టెన్షన్లన్నీ మళ్లీ వేసుకోవాలి. ఏదైనా ఎక్స్‌టెన్షన్ రెండింటిలోనూ ఉండాలనుకుంటే దాని మెనూలో 'అన్ని ప్రొఫైల్స్‌కీ వర్తించు' అనే అర్థం వచ్చే ఆప్షన్ ఉంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లల నుంచి తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది: "అక్కా, సెర్చ్ ఐకాన్ కనిపించట్లేదు." మౌస్‌తో ఏదో లాగబోయి దాన్ని లాగేసి ఉంటారు, అది వెళ్లి టెర్మినల్ పక్కన కూర్చుని ఉంటుంది. తిరిగి లాక్కొచ్చి సైడ్‌బార్‌లో పెడితే సరిపోతుంది. మరీ కలగాపులగం అయిపోతే కంట్రోల్ షిఫ్ట్ పీ కొట్టి 'రీసెట్ వ్యూ లొకేషన్స్' అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మీరు కావాలని జరుపుకున్న వ్యూలు కూడా మొదటి చోటికే వెళ్లిపోతాయి కాబట్టి, ఒకటీ అరా తప్పిపోయినప్పుడు దీని జోలికి వెళ్లకండి.